రెండు ఇటుకల సందు

సోహార్‌లో మా మేడ మీద
నీళ్ల ట్యాంకుల పక్కన చిన్న గది.
మనిషెత్తు గోడలు, రేకుల కప్పు.
పాత గేటు చక్రాలు నాలుగు బిగించాను కప్పుకి.
తోస్తే జరుగుతుంది,
జరుగుతూ కీచుమని వీధినంతా లేపుతుంది.

పెట్టె వచ్చి తొమ్మిది రోజులు.
తొమ్మిది రోజులూ దుమ్ముగాలి.
సువర్చల నైట్ డ్యూటీకి పోతూ
దాని మీద కూర్చుని బూట్లు వేసుకునేది.
"ఇంత ఖరీదైన స్టూలు
ఈ వీధిలో ఎవరికీ లేదు" అనేది.

పదో రాత్రి ఆకాశం
తోమి బోర్లించిన కంచం.

పగలు నా పని రోడ్లకు మట్టం చూడటం.
పదిహేనేళ్లుగా పరాయి నేలను సమం చేస్తున్నవాణ్ణి,
నా సొంత దిమ్మె మీద బుడగ మాత్రం
గంటసేపు నడిమికి రానంది.
ఈ మర తిప్పితే అటు, ఆ మర తిప్పితే ఇటు.
ఆ తర్వాత తూకం:
ఒక పక్క గొట్టం, ఒక పక్క ఇనుప బిళ్లలు.
వేలితో తాకితే కదలాలి,
వదిలితే అక్కడే ఆగిపోవాలి.
కాసు బంగారం తూచేవాడిలా
ఊపిరి బిగబట్టాను.

ఇక ధ్రువుడు.
వాయవ్యాన రిఫైనరీ మంట,
దానికి కాస్త కుడిగా
ఎవరూ పలకరించని గుమాస్తాలా ఆయన.
ఇరుసు ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర కుదిరింది.
రాయచోటిలో అయితే పద్నాలుగు.
చెయ్యి చాచి పిడికిలి బిగించి ఆకాశానికి ఆనించాను,
పది డిగ్రీలంటే సరిగ్గా అంతే.
ఇన్ని టికెట్లు, ఇన్ని ముద్రలు,
ఎయిర్‌పోర్టు నేల మీద ఇన్ని నిద్రలు,
అన్నీ కలిసి ధ్రువుణ్ణి
ఒక్క పిడికిలి పైకి లేపాయి.
కాసేపు చెయ్యి దించలేదు.

గొల్లకావడి కింద మబ్బుమచ్చ మీదికి తిప్పి
మూడు నిమిషాలు ఆగాను.
తెర నిండా గారెలు!
నడుమ చిల్లు పెట్టి మూకుట్లో వదిలి
ఇంకా ఎర్రబడని గారెలు.
ఫోకస్ మర వెంట్రుకంత తిప్పాను, చిన్న గారెలు.
ఇంకో వెంట్రుక, ఆవగింజలు.
ఆశ చావక ఇంకో వెంట్రుక,
మళ్లీ గారెలు.

పదిన్నరకి మబ్బు విచ్చుకుంది.
కుంకుమ నీళ్లు చిలికినట్టు నడుమ,
అంచున పావురం మెడ రంగు.
నలభై ఫోటోలు కావాలి.
ఇరవై మూడోదానికి
మెట్ల మీద చేతికర్ర చప్పుడు.

ఇంటాయన తండ్రి, ఖల్ఫాన్ ముసలాయన.
వయసులో ఉండగా పడవల మీద
ఖర్జూరం మోసి మలబారు దాకా పోయినవాడు.
కప్పు కీచుమన్నందుకు తిడతాడనుకున్నాను.
"సుహైల్ కనిపిస్తుందా ఇందులో?" అన్నాడు
ఉప్పునీళ్లలో నానిన హిందీలో.

సుహైల్ అంటే మన అగస్త్యుడే.
దక్షిణాన, నేలకు పిడికిలి మీద రెండు వేళ్లు,
అచ్చం నా గోడ వెనకాల.
గోడ అడ్డం, అన్నాను.
"గోడ ఎవరిది?"
మీదే.
"సుత్తి ఉందా?"

పై వరుసలో రెండు సిమెంటు ఇటుకలు.
నేను కొట్టాను, ఆయన టార్చి పట్టాడు.
అద్దం మీద దుమ్ము పడకుండా
తీగ మీద ఆరేసిన చీర లాగి కప్పాను.
సందులోకి వచ్చాడు అగస్త్యుడు,
ఎర్రగా, పచ్చగా, తెల్లగా, మళ్లీ ఎర్రగా.

ఒక్క సెకను ఫోటో తీసి చూపించాను.
నాలుగు ముళ్లతో తెల్లటి చుక్క, నిలకడగా.
కళ్లద్దాలు నుదుటికి నెట్టి
తెర మీదికి వంగాడు.
"బాగుంది. ఇదెవరు?
సుహైల్ వణుకుతుంది కదా."
అని తెర వదిలేసి
గోడ సందులో గడ్డం ఆనించి
చాలాసేపు అలాగే నిలబడ్డాడు.
దిమ్మె మీద మోటారు
చిన్నగా తిరుగుతూనే ఉంది.

పొద్దున సువర్చల వచ్చి
ఇటుకలు చూసింది, సందు చూసింది.
"నా చీరే దొరికిందా?" అంది.

ఇంకా పదిహేడు ఫోటోలు మిగిలాయి.
ఊడిన ఇటుకలు
కప్పు జారకుండా చక్రాల కింద పెట్టాను.
చక్రాలకు నూనె వేద్దామని
సీసా పైకి తెచ్చి కూడా
మూత తీయలేదు.
ఆ కీచు వినే కదా
ఆయన మెట్లెక్కింది.